తాళం ఎవరి దగ్గరుంది? తుపాను ప్రణాళికలో ఎంత రాసి ఉంచాలి, ఎంత అప్పటికప్పుడు చూసుకోవాలి – విశాఖ వాళ్ళు మీ అనుభవం చెప్పండి

కొండవాలు పద్మ (ఆరిలోవ) – 2025 నవంబర్ 2, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. మొంథా తుపాను వెళ్ళి ఐదు రోజులైంది. నరసాపురం దగ్గర తీరం దాటింది కాబట్టి మనకి గండం తప్పిందని అందరూ అంటున్నారు. నాకు మాత్రం ఆ సోమవారం రాత్రి ఇంకా కళ్ళ ముందే ఉంది.

మేముండేది కొండవాలులో. మా ఇంటికి పైన ఇంకో మూడు వరసల ఇళ్ళు, ఆపైన ఉత్త ఎర్రమట్టి. మధ్యాహ్నం ఆటోకి మైకు కట్టి చెప్పుకుంటూ వెళ్ళారు, కొండవాలు వాళ్ళంతా పునరావాస కేంద్రానికి వెళ్ళిపోండని. మంచి మాటే. రాత్రి ఏడింటికి నేను, మా అత్తగారు, పక్కింటి గుంటలిద్దరు గొడుగులేసుకుని మెట్లు దిగాం. కేంద్రం అని రాసి ఉన్నది ఒక బడి. గేటుకి తాళం. కాగితం మీద బడి పేరుంది, బాధ్యుడి పేరుంది, ఫోన్ నంబరూ ఉంది. ఆ నంబరాయన బదిలీ అయి ఏడాది దాటిందట. పాపం ఆయనే నాలుగు చోట్లకి ఫోన్ చేసి కనుక్కోవాలని చూశాడు, దొరకలేదు. మా అత్తగారు గేటు పట్టుకుని నిలబడింది, చీర మోకాళ్ళ దాకా తడిసిపోయింది.

చివరికి ఎదురుగా టిఫిన్ హోటలాయన షట్టరెత్తి మమ్మల్ని లోపలికి రమ్మన్నాడు. లెక్కపెడితే ఇరవై ఆరుగురం. పొద్దుటికని రుబ్బి ఉంచిన పిండితో అప్పుడే దోసెలు పోశాడు.

అప్పట్నుంచీ ఒకటే ఆలోచన. ప్రణాళిక ఉంది, పని చెయ్యలేదు. ఏ ప్రణాళికలోనూ లేని మనిషి పని చేశాడు. అలాగని ప్రణాళికలెందుకు అనుకోవాలా? ఊరికో టిఫిన్ హోటలాయన దొరుకుతాడని నమ్ముకుని పడుకోవాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

రుషికొండ కుర్రాడు – 2025 నవంబర్ 2, ఉదయం 9:25

పద్మ గారూ, చదువుతుంటేనే బాధేసింది. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ముద్రించి బీరువాలో పెట్టే ప్రణాళికల కాలం అయిపోయింది. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల మొదటి జాబితాలోనే మన ఊరుంది. కెమెరాలున్నాయి, కమాండ్ కంట్రోల్ సెంటరుంది. ఏ కేంద్రం తెరిచి ఉంది, ఎందరున్నారు, ఏ రోడ్డు మునిగింది అన్నది ఎప్పటికప్పుడు తెర మీద కనబడితే అధికారి అక్కడే నిర్ణయం తీసుకోవచ్చు. ఏడాది క్రితం రాసిన నంబరు మీద ఆధారపడాల్సిన పనే ఉండదు.

పాత ఏఈ – 2025 నవంబర్ 2, మధ్యాహ్నం 12:10

తమ్ముడూ, నీ మాట కొట్టిపారెయ్యను. కానీ 2014 అక్టోబర్ 12 ఆదివారం, హుద్‌హుద్ తుపాను వచ్చినప్పటికి నువ్వు బహుశా బడికెళ్ళే వయసులో ఉండి ఉంటావు, అందుకని ఆ రోజేమైందో చెప్తాను.

గంటకి 180 కిలోమీటర్ల పైబడిన గాలి. మధ్యాహ్నానికి నా ఫోన్‌లో సిగ్నల్ లేదు, ఊళ్ళో ఎవరి ఫోన్‌లోనూ లేదు. కరెంటు సరేసరి. కైలాసగిరి మీది వాతావరణ రాడారే గాలికి తట్టుకోలేక ఆగిపోయింది. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది. నడిమధ్యలో కాసేపు గాలి ఆగింది. హమ్మయ్య అయిపోయిందని జనం రోడ్ల మీదికొచ్చారు. అయిపోలేదు, అది తుపాను కన్ను. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మొదలైంది. అప్పటిదాకా ఒక పక్కకి వంగి నిలబడ్డ చెట్లు రెండో పక్కకి తిరిగేసరికి వేళ్ళతో సహా లేచాయి. అలాంటి రోజు నీ తెర వెలగదు. తెర వెలగని పూట ఏం చెయ్యాలో మనిషి బుర్రలోనో గోడ మీదో రాసి ఉండాలి.

నేనప్పుడు ఒక ప్రభుత్వ శాఖలో నీటి సరఫరా చూసే అసిస్టెంట్ ఇంజనీర్ని. శాఖ పేరు వదిలేద్దాం. రెండో రోజుకి జనం బిందెలు పట్టుకుని పంప్‌హౌస్ దగ్గరికే వచ్చేశారు. ట్యాంకులో నీళ్ళున్నాయి, పైకి కొట్టడానికి కరెంటు లేదు. మా దగ్గరున్న ప్రణాళికలో 'జనరేటర్లు సమకూర్చుకోవలెను' అని ఒక వాక్యముంది. ఎక్కణ్ణుంచి, ఎంతది, ఎవరి డబ్బుతో అన్నది లేదు. పెందుర్తి వైపు ఒక రైసుమిల్లు యజమాని తెలుసు నాకు. వాళ్ళ 125 కేవీఏ జనరేటర్ని లారీ ఎక్కించి, దారిపొడుగునా పడ్డ చెట్లని కోసుకుంటూ తెచ్చాం. కేబుల్ కలిపి ఆన్ చేస్తే మోటారు తిరుగుతోంది గానీ నీళ్ళెక్కట్లేదు. చూస్తే వెనక్కి తిరుగుతోంది. ఫేజులు తారుమారయ్యాయి. రెండు లీడ్లు మార్చి కట్టాడు మా ఎలక్ట్రీషియన్, సాయంత్రం ఐదింటికి పైపులో గాలి బుసలు కొట్టి, ఆ వెనకే నీళ్ళొచ్చాయి.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ జనరేటర్ ఆ మోటారుకి సరిపోతుందని నాకెలా తెలిసింది? ఏళ్ళ కిందటెవరో ఆపరేటర్ పంప్‌హౌస్ గోడ మీద ఎర్ర పెయింటుతో '60 హెచ్‌పీ, స్టార్ డెల్టా' అని, మోటారు ఎంతదో, ఏ పద్ధతిలో స్టార్టవుతుందో రాసి పెట్టాడు. ఆ ఒక్క గీత లేకపోతే అప్పటికప్పుడు నేను చూపించిన తెలివితేటలు ఎందుకూ కొరగావు. అందుకని ప్రణాళికకీ అప్పటికప్పటి ఆలోచనకీ పోటీ పెట్టకండి. ముందు ఏది రాసి ఉందన్నదాన్ని బట్టే తర్వాత ఏది చెయ్యగలమన్నది ఉంటుంది.

ఇంకో సంగతి. ఆ అద్దెకి వర్క్ ఆర్డర్ లేదు, కొటేషన్ లేదు, టెండర్ అసలే లేదు. తర్వాత ఆడిట్ అభ్యంతరం వచ్చింది. రెండేళ్ళు సమాధానాలు రాశాను. నా వెనకొచ్చిన కుర్ర ఇంజనీర్లు అది చూశారు. 'సార్ లాగా ముందుకెళ్తే సార్ లాగే తిరగాలి' అని నేర్చుకున్నారు. చొరవ చూపమని ఉద్యోగికి ఉపన్యాసం ఇచ్చే ముందు, చొరవ చూపినవాణ్ణి మనం ఏం చేశామో చూసుకోవాలి.

గోపాలపట్నం 2020 – 2025 నవంబర్ 2, సాయంత్రం 6:55

ఇక్కడ తుపాను గురించే మాట్లాడుతున్నారు. మాది ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకైన ఆర్ఆర్ వెంకటాపురం పక్కనే. నేనొకటి చెప్పి తీరాలి.

2020 మే 7, తెల్లవారుజామున మూడు దాటాక. లాక్‌డౌన్ రోజులు, అందరం ఇళ్ళలోనే ఉన్నాం. ముందు వాసన, ప్లాస్టిక్ మరగబెట్టినట్టు. తర్వాత కళ్ళ మంట. మా నాన్న తలుపులు, కిటికీలు బిడాయించమన్నాడు. ఎందుకంటే మాకు చిన్నప్పట్నుంచీ నేర్పిన జాగ్రత్త అదొక్కటే. ప్రమాదం అంటే తుపాను, తుపాను అంటే తలుపులేసుకుని లోపల ఉండటం. పది నిమిషాలకి చెల్లి వాంతి చేసుకుంది. అప్పుడు బయటికి పరిగెత్తాం. ఎటు పరిగెత్తాలో తెలీదు. రోడ్డు ఎటుంటే అటు, జనం ఎటు పోతే అటు. గాలి కూడా అటే పోతోందని ఎవరూ చూడలేదు. చీకట్లో ఆవులు పడి ఉన్నాయి. ఒకామె చంటిబిడ్డని భుజానేసుకుని పరిగెత్తుతూ అలాగే కూలబడిపోయింది. పోలీసులు, పక్క ఊళ్ళ కుర్రాళ్ళు తడిగుడ్డలు ముక్కుకి కట్టుకుని తలుపులు బద్దలుకొట్టి మనుషుల్ని మోసుకెళ్ళారు. వాళ్ళకీ ఆ వాయువేమిటో తెలీదు. పన్నెండు మంది చనిపోయారు. సైరన్ మోగలేదు.

స్టైరీన్ ఆవిరి గాలికంటే బరువని, నేలబారుగా పాకుతుందని, గాలికి అడ్డంగా పక్కకి పోవాలని మాకు తర్వాత టీవీ వాళ్ళు చెప్పారు. కర్మాగారం మా ఇళ్ళకి కనబడే దూరంలో ఉంది. ఆ ముక్క ముందే ఒక్కసారి ఎవరైనా మా వీధికొచ్చి చెప్పి ఉంటే?

పాత ఏఈ గారికి అప్పటికప్పుడు తోచింది, ఎందుకంటే ఆయనకి పంపు తెలుసు. మాకు తోచింది తలుపులేసుకోవడం. తెలియని ప్రమాదంలో మనిషికి తోచేది పాత అలవాటే. కాబట్టి 'పరిస్థితిని బట్టి చూసుకుందాం' అన్న మాట నా ముందు అనొద్దు దయచేసి.

పాత ఏఈ – 2025 నవంబర్ 2, సాయంత్రం 7:20

బాబూ, నీ మాటకి నా దగ్గర ఎదురుమాట లేదు. చెల్లాయి ఎలా ఉంది ఇప్పుడు?

గోపాలపట్నం 2020 – 2025 నవంబర్ 2, సాయంత్రం 7:31

బాగుంది సార్. డిగ్రీ చదువుతోంది. ఏదైనా ఘాటు వాసనొస్తే మాత్రం ఇప్పటికీ చెప్పులు కూడా వేసుకోకుండా బయటికొచ్చేస్తుంది.

మర్రిపాలెం మాస్టారు – 2025 నవంబర్ 3, ఉదయం 7:15

నేను సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. చట్టంలో ఏముందో చెప్తాను, ఎందుకంటే అడగాల్సింది ఎవర్నో తెలియకే మనం సగం నష్టపోతున్నాం.

గోపాలపట్నం అబ్బాయి అడిగిన ముక్క చట్టంలో ఎప్పట్నుంచో ఉంది. ప్రమాదకర రసాయనాల నిబంధనలు 1989లోనే వచ్చాయి. పెద్ద ప్రమాదానికి అవకాశమున్న కర్మాగారం తన ఆవరణలో ఏం చెయ్యాలో సొంత ప్రణాళిక రాసుకోవాలి, ఆరు నెలలకోసారి కసరత్తు చెయ్యాలి. గోడ దాటి బయటి జనానికి సంబంధించిన ప్రణాళిక జిల్లా యంత్రాంగానిది. దానికీ ఏడాదికొక్కసారైనా కసరత్తు జరగాలి. చుట్టుపక్కల వాళ్ళకి ప్రమాదం ఏమిటో, జరిగితే ఏం చెయ్యాలో ముందే తెలియజెయ్యాలని కూడా ఉంది. 1997 సెప్టెంబర్ 14న రిఫైనరీలో గ్యాస్ అంటుకుని అరవై మంది దాకా పోయిన ఊరు మనది. మల్కాపురం, శ్రీహరిపురం పెద్దల్ని అడగండి, ఆ తెల్లవారుజాము సంగతి చెప్తారు. ఇంత చూసిన ఊళ్ళో ప్రమాదం అంటే తుపానే అని పిల్లలు పెరగడం మాలాంటి బడిపంతుళ్ళ లోపం కూడా. నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను, తుపాను హెచ్చరికల రంగులు చెప్పాను, గాలి ఎటు వీస్తోందో చూసి పక్కకి పొమ్మని ఒక్కసారీ చెప్పలేదు.

ఇక 2005 విపత్తు నిర్వహణ చట్టం. జిల్లా ప్రణాళికని ఏటా తిరగేసి సరిచెయ్యాలని అందులో ఉంది. పద్మ గారి తాళం విషయంలో తప్పిందిదే. ప్రణాళిక ఉండటం కాదు ముఖ్యం, ఏడాదికోసారి ఆ నంబర్లకి ఫోన్ చేసి చూడటం. అదే చట్టంలో 50వ సెక్షన్ ఉంది, ఏఈ గారు గమనించాలి. విపత్తు వేళ తక్షణం ఏదైనా కొనాల్సొస్తే జిల్లా అథారిటీ అనుమతితో టెండర్ల పద్ధతి పక్కనపెట్టొచ్చు. అనుమతి ఎవరివ్వాలి, ఎప్పుడివ్వాలి అన్నది ముందే తేల్చుకోకపోతే ఆ సెక్షన్ పుస్తకంలోనే ఉంటుంది.

ఈ ఏడాది ఒక కొత్త సంగతొచ్చింది. 2025 సవరణ ప్రకారం నగరపాలక సంస్థలున్న నగరాల్లో పట్టణ విపత్తు నిర్వహణ అథారిటీలు పెట్టొచ్చు. మున్సిపల్ కమిషనర్ అధ్యక్షుడు, కలెక్టర్ ఉపాధ్యక్షుడు. ఇన్నాళ్ళూ నగరపాలక సంస్థ జిల్లా చెప్పింది చేసేది. ఇకమీదట ఊరి ప్రణాళిక ఊరే రాసుకోవచ్చు. ఇది మంచి మార్పని నా నమ్మకం. జిల్లా ప్రణాళికలో కొండవాలు, గెడ్డ (వాన నీటి వాగు), ఓడరేవు, రసాయన కర్మాగారం, మత్స్యకార పేట అన్నీ ఒకే పేజీలోకొస్తాయి. ఇక్కడ ఆరిలోవ నుంచి జాలారిపేటకి అరగంట దారి, ప్రమాదం మాత్రం పూర్తిగా వేరు.

బెల్లం బజారు (అనకాపల్లి) – 2025 నవంబర్ 3, ఉదయం 10:05

మాస్టారూ, అక్కడే మా చిక్కు. మేం పన్ను కట్టేది విశాఖ నగరపాలక సంస్థకి. 2022 ఏప్రిల్ 4 తర్వాత మా జిల్లా మాత్రం అనకాపల్లి. చెత్త, నీళ్ళు, వీధిదీపాలు ఒకరివి, తహసీల్దారు, కలెక్టరు ఇంకొకరు. ఉపాధ్యక్షుడు కలెక్టరంటున్నారు, మాకు ఏ కలెక్టరు? శారదా నది పొంగిన రాత్రి ఈ మాట తేలేదాకా ఎవరాగుతారు? ఈ ఒక్కటీ ముందే సంతకాలతో తేల్చి పెట్టాలి. ఇది అప్పటికప్పుడు సర్దుకునే విషయం కాదు.

జాలారిపేట అప్పన్న – 2025 నవంబర్ 3, మధ్యాహ్నం 1:30

అందరూ సదువుకున్నోళ్ళే రాస్తన్నారు, మా సైడు కూడా సెప్పనివ్వండి.

2021 డిసెంబర్లో జవాద్ వస్తాదన్నారు. మూడు రోజుల ముందే సేపల ఏటకెళ్ళొద్దన్నారు. ఫైబర్ బోటు ఒడ్డుకి లాగాలంటే పది మంది కావాలి, ఇంకా పైకి రోడ్డు దాకా ఎక్కించాలంటే ట్రాక్టరు, లేదంటే క్రేను. ఇంజిను ఊడదీసి ఇంటికి మోసాం. వలలు మేడ మీదికెక్కించాం. మా పేటలో ముసలోళ్ళని సుట్టాలింటికి పంపేశాం. ఆ తుపాను సంద్రంలోనే నీరసపడిపోయింది. మాకాడ గట్టి గాలి కూడా రాలేదు. మంచిదే, ఎవరికీ ఏటీ అవలేదు. కానీ ఆ ఐదు రోజుల కూలి, ట్రాక్టరు డబ్బులు, ఐసు డబ్బులు ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు.

అధికారులకి 'ఎందుకైనా మంచిది' అనడం తేలిక. ఆ మాట కరీదు మాకు పడతాది. మళ్ళీ తుపానొస్తే మా కుర్రోళ్ళేటంటారు? 'అప్పుడూ ఇలాగే సెప్పారు, ఏటైంది' అంటారు. ఆళ్ళని తప్పు పట్టలేం. అప్పు తెచ్చిన బోటది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఏట నిషేధం ఉంటాది, దానికి భృతి ఉంది. అది ముందే రాసుంది కాబట్టి మేం లెక్కేసుకుంటాం. అలాగే ఒడ్డుకి లాగమన్న రోజుకి ఇంతని ముందే రాసి పెట్టండి, తుపానొచ్చినా రాకపోయినా ఇస్తామనండి. అప్పుడు ఆరు గంటల ముందు సెప్పినా ఇనేస్తాం. మీరు మనసు మార్సుకోవాలంటే మా పొట్ట మీద బరువుండకూడదు కదా. మేం అడిగేది అంతే.

సీతమ్మధార లక్ష్మి – 2025 నవంబర్ 3, మధ్యాహ్నం 2:12

అప్పన్న గారు చెప్పింది మూడుసార్లు చదివాను. ఇలా నేనెప్పుడూ ఆలోచించలేదు. మా అపార్ట్‌మెంట్లో జవాద్ అప్పుడు సెలవొచ్చిందని సంతోషపడ్డాం.

వార్డు ఏఎన్‌ఎం – 2025 నవంబర్ 3, రాత్రి 9:48

డ్యూటీ అయ్యాక రాస్తున్నా, పొడుగ్గా రాయలేను.

కోవిడ్ అప్పుడు మాకెవరికీ ప్రణాళిక లేదు. హనుమంతవాకలో విమ్స్ ఆసుపత్రి అంతవరకూ పూర్తిస్థాయిలో నడవనే లేదు, దాన్ని కోవిడ్ ఆసుపత్రి చేసేశారు. వీధివీధికీ తిరిగి మేం జాబితాలు రాశాం. నా వార్డులో డయాలసిస్ వాళ్ళెవరు, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీద ఉన్నవాళ్ళెవరు, తొమ్మిదో నెల గర్భిణులెవరు, మంచం దిగలేని పెద్దవాళ్ళెవరు అన్నీ నా నోటు పుస్తకంలో ఉండేవి. అంత మంచి జాబితా ఈ ఊరికి ఎప్పుడూ లేదు. కోవిడ్ తగ్గాక దాన్ని ఎవరూ అడగలేదు.

మొన్న మొంథా వస్తోందని చెప్పగానే నేనే ఆ పుస్తకం తీశాను. సగం మంది ఇళ్ళు మారారు, కొందరు లేరు. ఆక్సిజన్ మిషన్ మీదున్న తాతగారు మాత్రం అదే ఇంట్లో ఉన్నారు. కరెంటు పోతే ఏం చేస్తారని అడిగితే పెద్ద సిలిండర్ ఒకటి తెచ్చి పెట్టుకున్నాం, కానీ దాని మూత తిప్పే స్పానర్ లేదన్నారు. స్పానర్ కోసం సాయంత్రం మా ఆయన్ని కంచరపాలెం పంపించాను.

ప్రణాళిక పుస్తకంలో స్పానర్ రాయరు. వెళ్ళి అడిగినవాళ్ళకే తెలుస్తుంది. వెళ్ళి అడగడం ఏటా జూన్‌లోనూ సెప్టెంబర్‌లోనూ మా పనిగా రాయించండి చాలు.

వాల్తేరు రైల్వే కాలనీ – 2025 నవంబర్ 4, ఉదయం 6:30

ఏఈ గారి గోడ మీది గీత లాంటిదే ఇంకోటి. 2021 ఏప్రిల్ 22 రాత్రి మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మన దగ్గర్నుంచే బయలుదేరింది. స్టీల్ ప్లాంట్‌లో ఏడు ట్యాంకర్లలో ద్రవ ఆక్సిజన్ నింపి, లారీలతో సహా చదును వ్యాగన్ల మీదికెక్కించి మహారాష్ట్రకి పంపారు. కొద్ది రోజుల్లో జరిగిపోయింది, అందరూ అద్భుతం అన్నారు. నిజమే. కానీ లారీని వ్యాగన్ ఎక్కించే పద్ధతి కొంకణ్ రైల్వేలో 1999 నుంచీ ఉంది. వంతెనల కింద, పై కరెంటు తీగల కింద ఎంత ఎత్తు బండి పడుతుందో ప్రతి సెక్షన్‌కీ కొలతలు రాసి ఉన్నాయి. ఆ కొలతలు చూసి పట్టే రకం ట్యాంకర్నే ఎంచుకున్నారు. మన వైపు లారీలెక్కడానికి ర్యాంపు కట్టడం ఒక్కటే కొత్తగా చేసింది.

నరవ గెడ్డ – 2025 నవంబర్ 4, ఉదయం 11:20

అందరూ హుద్‌హుద్ గురించి చెప్తారు. ఆ తర్వాత ఏం చేశామో చూడండి. స్తంభాలు విరిగాయి కాబట్టి ప్రపంచ బ్యాంకు అప్పుతో కరెంటు తీగలు భూమిలో వేయించాం. మంచి పనే, గాలికి భయం తగ్గింది. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ వచ్చింది. తీరం దాటింది శ్రీకాకుళం జిల్లా పైన, మునిగింది మనం. పెందుర్తి, వేపగుంట, గోపాలపట్నం నీళ్ళలో. గాలికని సిద్ధపడ్డ ఊరికి నీళ్ళొచ్చాయి.

మా గెడ్డ నా చిన్నప్పుడు ముప్పై అడుగుల వెడల్పుండేది. ఇప్పుడు దాని మీద గోడలు, షెడ్లు, ఒకచోట ఏకంగా పార్కింగు. సిమెంటు కాలువ కట్టామన్నారు గానీ, కాలువ పట్టేది ఎంత వానకి లెక్కేశారో ఆ వానకే పడుతుంది. దానికి మించితే నీళ్ళు పోవడానికి చోటు కావాలి. ఖాళీగా వదిలిన స్థలమే చోటు. పిల్లలు క్రికెట్ ఆడుకునే మైదానం, ఏడాదిలో రెండు రోజులు మునిగితే మునగనివ్వండి. ఏ వాన వస్తుందో తెలియనప్పుడు సర్దుకోవడానికి ఖాళీ నేల మించింది లేదు. రాసి పెట్టాల్సింది 'ఇక్కడ ఎవరూ ఏమీ కట్టకూడదు' అన్న ఒక్క మాట. దాన్ని మాత్రం పరిస్థితిని బట్టి మార్చకండి. మన దగ్గర అన్నీ తిరగబడి ఉన్నాయి. గట్టిగా ఉండాల్సిన గెడ్డ హద్దు ఒత్తిడికి వంగిపోతుంది. ఏఈ గారి జనరేటర్ అద్దె లాంటి చోట వంగాల్సిన బిల్లు నిబంధన ఇనప కడ్డీలా ఉంటుంది.

రుషికొండ కుర్రాడు – 2025 నవంబర్ 4, రాత్రి 8:15

రెండు రోజులుగా చదువుతూనే ఉన్నాను. నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నా. తెర అక్కర్లేదని కాదు, తెర మీద ఏం ఉండాలో నాకు తెలియదని అర్థమైంది. పంపు హెచ్‌పీ, తాళం చెవి, స్పానర్, ట్రాక్టరు అద్దె, గాలి దిక్కు. వీటిలో ఒక్కటీ నేను తయారుచేసే పట్టికలో వచ్చేది కాదు.

ఒక ప్రశ్న. ఒడిశా వాళ్ళు ఎలా చేస్తున్నారు? వాళ్ళదీ మన తీరమే కదా.

మర్రిపాలెం మాస్టారు – 2025 నవంబర్ 5, ఉదయం 6:50

1999 మహా తుపాను తర్వాత వాళ్ళు విపత్తులకని ప్రత్యేక సంస్థ పెట్టుకున్నారు. తీరం పొడుగునా తుపాను ఆశ్రయాలు కట్టారు. మనమూ 1977 దివిసీమ ఉప్పెన తర్వాత కట్టాం. తేడా కట్టడంలో లేదు నాయనా. వాళ్ళ ఆశ్రయాలకి ఊరి వాళ్ళతోనే ఒక కమిటీ ఉంటుంది, సైరన్ ఎవరు మోగించాలి, ముసలివాళ్ళని ఎవరు మోసుకురావాలి అని ఇంటిపేర్లతో సహా పంచుకుని ఉంటారు, వానాకాలం ముందు కసరత్తు చేస్తారు. 2013లో ఫైలిన్, 2019లో ఫణి వచ్చినప్పుడు లక్షల మందిని కదిలించగలిగింది అందుకే. ఎప్పుడు కదలాలన్నది పైనుంచి, ఎలా కదలాలన్నది ఊరి నుంచి.

మనకీ ఈ మే 7న దేశమంతటితో పాటు పౌర రక్షణ కసరత్తు జరిగింది. సరిగ్గా ఐదేళ్ళ కిందట వెంకటాపురంలో గ్యాస్ వచ్చిన తారీఖు. సైరన్ విని నాకు ఆ పిల్లలే గుర్తొచ్చారు. అది యుద్ధం కోసం చేసిన కసరత్తు. రసాయన కర్మాగారాల చుట్టుపక్కల వీధుల్లో ఏటా అదే రోజు అలాంటిది పెట్టమని అడగాలని ఉంది.

గోపాలపట్నం 2020 – 2025 నవంబర్ 5, ఉదయం 8:02

నేను వస్తాను మాస్టారూ. మా వీధి వాళ్ళందర్నీ తీసుకొస్తాను.

పాత ఏఈ – 2025 నవంబర్ 5, మధ్యాహ్నం 3:40

పద్మ గారూ, మీ వార్డు వాళ్ళ దగ్గరికి వెళ్తే ఏమడగాలో నాకు తోచింది రాస్తాను. పెద్ద పుస్తకం అడగొద్దు. ఒక్క పేజీ అడగండి, బడి గోడకీ టిఫిన్ హోటల్ గోడకీ అంటించగలిగేది. తాళం ఒకరి దగ్గర కాదు, ఇద్దరి దగ్గరుండాలి. ఆ ఇద్దరూ బదిలీ అయ్యే ఉద్యోగులు కాకూడదు, ఆ వీధి వాళ్ళే అయ్యుండాలి. జేసీబీ, ట్రాక్టరు, జనరేటర్ వాళ్ళతో రోజు అద్దె జూన్‌లోనే ఖరారు చేసి, ఫోన్ లేకపోయినా పిలవడానికి ఇంటి గుర్తు రాయించండి. ఎంత మొత్తం వరకు వార్డు స్థాయిలోనే ఖర్చుపెట్టొచ్చో, ఎవరి సంతకంతోనో, ఆ సంఖ్య అదే పేజీలో ఉండాలి. ఆ సంఖ్య లేకపోతే మిగతాదంతా వట్టిది, నన్ను నమ్మండి. కింద సగం పేజీ ఖాళీ వదలమనండి. ప్రతి తుపాను తర్వాత అందులో ఏం కుదరలేదో చేత్తో రాసుకోవాలి. మీ బడి తాళం సంగతి మొదటి గీత.

1077 జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు, 1070 రాష్ట్రానిది. అవి పెద్ద అక్షరాల్లో పైన ఉండనివ్వండి.

జాలారిపేట అప్పన్న – 2025 నవంబర్ 5, సాయంత్రం 5:15

ఏఈ బాబూ, ఆ పేజీలో బోటు లాగుడు కూలి కూడా రాయించండి. మా పేట పెద్దలు సంతకం పెడతారు.

కొండవాలు పద్మ (ఆరిలోవ) – 2025 నవంబర్ 8, సాయంత్రం 6:20

నిన్న, ఇవాళ రెండు పూటలూ వెళ్ళాను. నాతో పాటు టిఫిన్ హోటలాయన, పై వరస నుంచి నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. వార్డు సచివాలయంలో అమ్మాయి చిన్నది, ఉద్యోగంలో చేరి ఎక్కువ రోజులు కాలేదు. విసుక్కోకుండా అంతా విని, తనే కాగితం తీసి రాసుకుంది. బడి హెడ్‌మాస్టరు గారితో మాట్లాడి రెండో తాళంచెవి హోటలాయనకి ఇప్పించింది. ఆయన దాన్ని ఎర్ర దారంతో దేవుడి పటం పక్కన మేకుకి తగిలించాడు, అందరికీ కనబడేలా. మూడో చెవి పై వరసలో ఉండే వాచ్‌మన్ దగ్గర.

ఏఎన్‌ఎం గారూ, మా మెట్లదారిలో మంచం దిగలేనివాళ్ళు ఐదుగురున్నారు. వాళ్ళని దింపడానికి మడత కుర్చీ, రెండు గెడకర్రలు సిద్ధం చేశాం. మొన్న మా అత్తగార్నే కూర్చోబెట్టి దింపి చూశాం. తొమ్మిది నిమిషాలు పట్టింది, మలుపు దగ్గర కర్ర గోడకి తగులుతోంది. కొంచెం పొట్టి కర్రలు కావాలి.

ఖర్చు సంఖ్య మాత్రం పడలేదు. జనరేటర్ ఇస్తానన్నాయన ఉన్నాడు, డీజిల్ ఎవరు పోయిస్తారంటే ఆ అమ్మాయి జోనల్ ఆఫీసులో అడగాలంది. సోమవారం తనతో పాటు నేనూ వెళ్తున్నా. మాస్టారూ, ఆ 50వ సెక్షన్ కాగితం ఒక ప్రతి తీసి ఉంచగలరా? పొద్దున్నే మర్రిపాలెం వచ్చి తీసుకుంటాను.